ముందు గదిలోని మద్రాసు కార్డు

మొన్న ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక రేణిగుంట నుంచి మా అబ్బాయి ఫోను చేశాడు. అక్కడొక గోడౌను ఆఫీసులో వాడికి పని. పెళ్ళయి ఒక బిడ్డకు తండ్రయినా కంప్యూటరు ఆటల పిచ్చి మాత్రం వదల్లేదు, అది నా దగ్గరి నుంచే అంటుకుందని మా కోడలి అభియోగం, నేనూ కాదనను. ఎవరో వాడి వదిలేసిన గ్రాఫిక్స్ కార్డును ఆన్‌లైన్లో కొనుక్కున్నాడట, మామూలు పనులకు బాగానే ఉంటోందట గానీ ఆట మొదలుపెట్టిన కాసేపటికల్లా తెర నల్లబడి కంప్యూటరు దానంతట అదే ఆగి మళ్ళీ మొదలవుతోందట. నాకు ప్రాణం లేచివచ్చింది. ఆగే ముందు తెర మీద రంగురంగుల గీతలేమైనా వస్తున్నాయా, పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఎక్కువసేపు ఆడుతోందా, పక్క రేకు విప్పి చూశావా అని నేను వరసబెట్టి అడుగుతుంటే, వాడు నవ్వేసి, ఆ తలనొప్పంతా ఎవరు పడతారమ్మా, వాపసు పంపించేశాను, ఎల్లుండికి ఇంకొకటి వస్తుంది అని తేల్చేశాడు.

ఫోను పెట్టేశాక కాసేపు ఒళ్ళు మండిపోయింది. రోగమేమిటో తెలుసుకోకుండానే రోగిని మార్చేసే ఈ పద్ధతి నాకు మింగుడుపడదు. ఆ తర్వాత నవ్వూ వచ్చింది, ఎందుకంటే అచ్చం ఇలాంటి కార్డే ఒకటి, అచ్చం ఇలాగే ఆటల మధ్యలో ఆగిపోతూ, పాతికేళ్ళ కిందట తిరుపతిలో నా నోటి దగ్గరి కూడు తీసేసినంత పని చేసింది. దాని రోగం కనిపెట్టింది నేనే. నా గొప్ప నేనే చెప్పుకుంటున్నానని మీరు అనుకుంటే అనుకోండి, ఈ వయసులో కూడా చెప్పుకోకపోతే ఇంకెప్పుడు చెప్పుకుంటాను?

మన ఈడు వాళ్ళకు ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. ఇంటింటికీ కంప్యూటరు లేదు, చేతుల్లో ఈ ఫోన్లు లేవు, వీధికొక నెట్ సెంటరు మాత్రం ఉండేది. ప్లైవుడ్డు చెక్కలతో కట్టిన అరలు, అరకొక కంప్యూటరు, గుమ్మం దగ్గర చెప్పులు బయట విడవమని రాసిన అట్టముక్క, లోపల గోడ మీద వెంకటేశ్వరస్వామి పటం, దానికింద ఎప్పుడూ వెలిగే ఎర్ర బుడ్డి లైటు. ఇంజనీరింగు కాలేజీల హాస్టలు పిల్లలు పరీక్షా ఫలితాలు చూసుకోవడానికని వచ్చి, ఆ పని అయిపోగానే కార్ల పందెమో కాల్పుల ఆటో పెట్టుకుని కూర్చుంటే మళ్ళీ హాస్టల్లో భోజనం గంట కొట్టే వేళకు గానీ లేచేవాళ్ళు కాదు. ఫలితాల వల్ల వచ్చే రాబడి ఏడాదిలో కొన్నాళ్ళే, సెంటరును నిలబెట్టేది ఆటలే అని ఆ వ్యాపారంలో ఉన్నవాళ్ళందరికీ తెలుసు.

మాది చిత్తూరు అవతల, తమిళనాడు సరిహద్దుకు ఆనుకున్న పల్లె. మా నాయన నన్ను చిత్తూరులో ఉంచి, ఊళ్ళో వాళ్ళు ముక్కున వేలేసుకున్నా లెక్కచేయకుండా, కంప్యూటర్లు విప్పి బాగుచేసే కోర్సు చదివించాడు. ఆ తరగతిలో ఆడపిల్లను నేనొక్కదాన్నే. అక్కడ మాకు పాఠం చెప్పిన మాస్టారు మొదటి రోజే ఒక మాట చెప్పారు: యంత్రాన్ని కదిలించకుండా ఎంత తెలుసుకోగలరో అంతా తెలుసుకోండి, ఆ తర్వాతే స్క్రూలకు చెయ్యి పెట్టండి అని. పెళ్ళయి తిరుపతికి వచ్చాక ఆ చదువంతా అటకెక్కుతుందనుకున్నాను గానీ, తిరుపతి చిత్తూరు మధ్య తిరిగే బస్సులో కండక్టరుగా ఉన్న మా ఆయన, నోట్లో నాలుక లేనట్టు కనిపించే ఆ మనిషి, వీధి వైపున్న ముందు గదిలో నాకొక సెంటరు పెట్టించాలని పట్టుబట్టి మరీ పెట్టించాడు.

ఆ ఇంట్లో ఏది జరగాలన్నా మా అత్తగారి మాట దాటి జరిగేది కాదు. మామగారు జీవితమంతా రేణిగుంట నుంచి మద్రాసుకు లారీ తోలి, మోకాళ్ళు అరిగాక ఇంటిపట్టున ఉండిపోయిన మనిషి, అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళను చూడడమే ఆయన కాలక్షేపం. పెత్తనమంతా ఆవిడదే. నా సెంటరు మీద ఆవిడకు కోపమూ లేదు, గౌరవమూ లేదు. కొడుకు ముచ్చటపడి పెట్టించాడు, కోడలు కాలక్షేపం చేస్తోంది, అంతే. ఎవరైనా వచ్చి కంప్యూటరు బాగుచేసేవాళ్ళు ఉన్నారా అని అడిగితే, మావాడు డ్యూటీకి పోయినాడు, పొద్దుగూకినాక రండి అని పంపించేసేది. మా ఆయనకు టికెట్లు చించడం తప్ప స్క్రూ ఏ వైపు తిప్పాలో కూడా తెలియదని ఆవిడకు నేను ఎన్నిసార్లు చెప్పినా, చెవిన పడేది గానీ మనసుకు ఎక్కేది కాదు.

ఇలా ఉండగా మా మరిది ఒక కబురు తెచ్చాడు. వాడి స్నేహితుడొకడు యాత్రికులను వ్యాన్లలో కాణిపాకానికీ చుట్టుపక్కల గుళ్ళకూ తిప్పే ట్రావెల్స్ నడుపుతూ, స్టేషనుకు దగ్గరలో ఆఫీసు గది కోసం వెతుకుతున్నాడు. మా ముందు గది అతనికి సరిగ్గా సరిపోతుంది. మరిది చెడ్డవాడు కాదు, కానీ లెక్కల మనిషి. అద్దె అయితే నెలనెలా వస్తుంది, వదిన ఆటల కొట్టు ఎప్పుడు నిండుతుందో ఎప్పుడు ఎండుతుందో ఎవరికి తెలుసు అని అత్తగారి చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పాడు. పెద్ద రోడ్డు మీద కొత్త కంప్యూటర్లతో ఇంకో సెంటరు తెరిచాక మా దగ్గరికి వచ్చే పిల్లలు పలచబడిన మాట నిజమే. దీపావళి దాకా చూద్దాం, అప్పటికీ ఇట్లాగే ఉంటే గది ఇచ్చేద్దాం అని అత్తగారు తీర్పు చెప్పేసింది. నా కంప్యూటర్లు అటక మీదికీ నేను వంటింట్లోకీ పోవడానికి మిగిలిన గడువు అది.

నేను ఏడుస్తూ కూర్చునే రకాన్ని కాదు. పిల్లలు పెద్ద రోడ్డుకు ఎందుకు పోతున్నారో కనుక్కుంటే, అక్కడ కొత్త ఆటలు ఆడతాయి, ఇక్కడ తడబడతాయి అన్నారు. ఆటల్లో బొమ్మలను చకచకా గీసి తెరకు అందించేది గ్రాఫిక్స్ కార్డు, నా దగ్గరున్నవి పాతబడ్డాయి. కొత్తది కొనే తాహతు లేదు. అందుకని మామగారిని తోడు తీసుకుని రైలెక్కి మద్రాసు పోయి, పాత ఎలక్ట్రానిక్సు సామాను అమ్మే వీధిలో కొట్టుకొట్టూ తిరిగి, నాకొచ్చిన సరిహద్దు తమిళంలో బేరమాడి, ఆ కొట్టతని ఎదుటే కంప్యూటరులో పెట్టించి ఆట ఆడి చూసుకుని మరీ ఒక సెకండ్ హ్యాండు కార్డు కొన్నాను. దాని అడుగున అరచేతిలో సగం ఉండే ఫ్యాను ఒకటి ఉంది. ఆట ఆడేటప్పుడు ఆ కార్డు బాగా వేడెక్కుతుంది గనుక దాన్ని చల్లబరచడానికి. దారి పొడవునా దాన్ని గుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే, ఎదుటి సీటులోని ఆమె లోపల ప్రసాదమేదో ఉందనుకుని కళ్ళకద్దుకుంది.

ఆ కార్డు వచ్చాక నా ముందు గది మళ్ళీ కళకళలాడింది. గుమ్మం దగ్గర చెప్పులు అరుగు దాకా పరుచుకున్నాయి, మామగారికి కాళ్ళు చాపుకునే చోటు లేకుండా పోయింది. దసరా సెలవుల్లో ఊళ్ళకు పోకుండా హాస్టల్లోనే ఉండిపోయిన పిల్లలు, చిత్తూరు కాలేజీ పిల్లలతో కార్ల పందెం కట్టుకుని, పండగ దాటిన ఆదివారం మా సెంటర్లోనే, ఆ మద్రాసు కార్డున్న కంప్యూటరు మీదే, వంతులవారీగా ఆడాలని నిర్ణయించుకున్నారు. చిత్తూరు పిల్లలకు మా ఆయన తన బస్సులోనే సీట్లు పట్టిపెడతానని మాటిచ్చాడు. ఆ ఒక్క ఆదివారం బాగా గడిస్తే రెండు ఊళ్ళ పిల్లల్లోనూ నా సెంటరు పేరు నిలుస్తుంది, దీపావళి గండం గట్టెక్కుతుంది అని నేను లోలోపల ముడుపు కట్టుకున్నాను.

ఆయుధపూజ నాడు మా అత్తగారి హడావుడి చూడాలి. మన వైపు ఆ రోజు పనిముట్టు ఏదీ బొట్టు లేకుండా ఉండదు గదా. అందులోనూ ఆవిడ అన్నేళ్ళు లారీ చక్రాలకూ స్టీరింగుకూ గంధం రాసి కుంకుమ పెట్టిన మనిషి, లారీ ఏ ప్రమాదమూ లేకుండా ఇల్లు చేరిందంటే అది ఆ బొట్టు చలవేనని గట్టి నమ్మకం. అందుకని తిరిగేది ఏది కనబడినా వదిలేది కాదు: కుట్టుమిషను చక్రం, గ్రైండరు, సైకిలు, చివరికి స్టూలెక్కి సీలింగు ఫ్యాను. ముందు రోజు నేను కంప్యూటర్లన్నీ దుమ్ము దులిపి, పూజ కోసం ఆటల కంప్యూటరు పెట్టెను పటం ముందు పీట మీద పక్కకు పడుకోబెట్టి, రేకు తీసి ఉంచాను. పూజవేళకు నేను వంటింట్లో వడలు వేస్తున్నాను. అత్తగారు పూజ ముగించి అక్షింతలు చల్లింది, మా ఆయన నేను వంటింట్లోంచి చెబుతుండగా రేకు బిగించి పెట్టెను దాని చోట నిలబెట్టాడు, అందరం వడలు తిన్నాం.

ఆ మరుసటి రోజు నుంచి మొదలయింది. పిల్లవాడొకడు కార్ల పందెంలో మంచి ఊపు మీద ఉండగా తెరంతా ఆకుపచ్చా ఊదా గీతలు అడ్డదిడ్డంగా పాకి, బొమ్మ రాయిలా నిలిచిపోయి, చివరికి కంప్యూటరే ఆగిపోయింది. మళ్ళీ పెడితే మళ్ళీ అంతే. ఉత్తరం టైపు చేస్తే రోజంతా నిమ్మకు నీరెత్తినట్టు ఉంటుంది, ఆట పెడితే మాత్రం కాసేపటికి చేతులెత్తేస్తుంది. పిల్లలు అక్కా అక్కా అంటూ నా చుట్టూ మూగారు. మా మరిదికి ఎక్కడ లేని జాలి పుట్టుకొచ్చింది.

“మద్రాసోడు నీకు సచ్చిపోయిన సరుకు అంటగట్టినాడు వదినా. సెకండ్ హ్యాండంటే అంతే. ఆదివారం పిలకాయల ముందర పరువు పోకముందే ఆ గది ఇచ్చేస్తే పోతాది. ఆదివారం ఆ ట్రావెల్సోణ్ణి వచ్చి గది సూసిపొమ్మని చెప్పినాను,” అన్నాడు.

అత్తగారు ముందు గదిని గుమ్మం నుంచి కిటికీ దాకా ఒకసారి కళ్ళతో కొలిచి లోపలికి పోయింది. ఆ చూపే నాకు ఎక్కువ గుచ్చుకుంది. కార్డు ఆడకపోతే ఆడకపోయింది, నేను మోసపోయానన్న మాట మాత్రం నాకు అన్నం సహించనివ్వలేదు, ఎందుకంటే ఆ కార్డును ఎంచుకున్న కళ్ళు నావి, పరీక్షించిన చేతులు నావి.

ఇక చూడండి నా తిప్పలు. ముందు ఆట డిస్కునే అనుమానించి ఇంకో డిస్కుతో ఎక్కించాను, లాభం లేదు. కార్డును నడిపించే డ్రైవరు సాఫ్టువేరు మొత్తం తీసేసి పాతది పెట్టాను, ఏమీ మారలేదు. కరెంటు హెచ్చుతగ్గుల వల్లనేమోనని, యూపీఎస్ మార్చి, పక్క కంప్యూటరు పవర్ సప్లయి పెట్టె ఊడదీసి దీనికి తగిలించాను. మెమరీ ముక్కలు తీసి వాటి ఇత్తడి రంగు అంచును పెన్సిలు రబ్బరుతో రుద్ది మళ్ళీ పెట్టాను, ఆ కాలంలో ఈ పని చేసినవాళ్ళందరికీ ఆ రబ్బరు వైద్యం తెలుసు. ఒకసారికి ఒక్కటే మార్చి, మార్చిన ప్రతిసారీ ఆట పెట్టి చూడాలి గనుక, నేను కొంగు నడుముకు దోపుకుని పట్టపగలు కార్ల పందెం ఆడుతూ కూర్చునేదాన్ని. ఇంటి పని వదిలేసి కోడలు ఆటలాడుకుంటోందని ఎదురింటావిడ వచ్చి చూసి, బుగ్గలు నొక్కుకుని పోయింది.

కార్డును మాత్రం అప్పటిదాకా ఊడదీయలేదు. అది కూర్చునే గాడి దగ్గరి ప్లాస్టిక్కు కొక్కెం ఎప్పుడో విరిగిపోతే దారంతో బిగించి కట్టి ఉన్నాను, ఊరికే ఊడదీసి పెడుతుంటే గాడే పాడైపోతుందని భయం. పైగా మాస్టారి మాట చెవిలోనే ఉంది. కదిలించకుండా తెలుసుకోగలిగింది ఇంకా ఏదో మిగిలి ఉందనిపించి, యంత్రాన్ని వదిలేసి అది ఆగే తీరును గమనించడం మొదలుపెట్టాను. పొద్దున్నే పెట్టిన మొదటి ఆట కాస్త ఎక్కువసేపు సాగుతోంది. అది ఆగిన వెంటనే మళ్ళీ పెడితే తొందరగా ఆగుతోంది. మధ్యలో భోజనానికి లేచి వచ్చి పెడితే మళ్ళీ కాస్త మెరుగు. అంటే ఇది వేడి గొడవ. రేకు విప్పి, ఇంట్లోని టేబులు ఫ్యాను తెచ్చి కంప్యూటరు కడుపులోకి గాలి కొట్టేలా పెట్టి చూస్తే, ఆట రెట్టింపు సేపు సాగింది. నాకు చప్పట్లు కొట్టుకోవాలనిపించింది, అక్కడ చూసేవాళ్ళు ఎవరూ లేరు గనుక ఊరుకున్నాను.

కార్డు పెట్టెలో అడ్డంగా పడుకుని ఉంటుంది, దాని ఫ్యాను కింది వైపుకు తిరిగి ఉంటుంది, కాబట్టి పైనుంచి చూస్తే దాని వీపు తప్ప ఏమీ కనబడదు. మిగతా ఫ్యాన్ల హోరులో అది తిరుగుతోందో లేదో వినబడదు. అప్పుడు నేను వంటింటి గూట్లో ఉండే, తల దువ్వుకునే గుండ్రటి అద్దం తెచ్చి, కార్డు కిందుగా పట్టుకుని, టార్చిలైటు వేశాను.

అద్దంలో నాకు కనిపించిన దృశ్యం ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టే ఉంది. ఫ్యాను కదలకుండా నిలబడిపోయి ఉంది. దాని నడిబొడ్డున బిళ్ళంత గంధం, ఆ గంధం మీద నిండుగా కుంకుమ. గంధం ఉదారంగా పెట్టారు గనుక అది జారి, రెక్కకూ చట్రానికీ మధ్యన ఎండి గట్టిపడి, ఆ సందులో ఒక పసుపు అక్షింత గింజ అడ్డంగా ఇరుక్కుని ఉంది. పక్కకు పడుకోబెట్టిన పెట్టెలో తిరిగేది ఏదని వెతుక్కుని, వేలు లోపలిదాకా పెట్టి, లారీ చక్రానికి పెట్టినంత భక్తితో మా అత్తగారు దానికి బొట్టు పెట్టింది. నాకు మొదట పట్టరానంత నవ్వు, ఆ వెంటనే పట్టరానంత కోపం, ఆ రెండింటి వెనకాల గుండె నిండా ఊరట. మద్రాసు కొట్టతను నన్ను మోసం చేయలేదు. నా కళ్ళు నన్ను మోసం చేయలేదు.

కంప్యూటరు ఆపి, దారం కోసి, కార్డును జాగ్రత్తగా బయటికి తీశాను. గాజులకు తగిలించుకున్న పిన్నీసు విప్పి దానితో అక్షింత గింజను లాగి, దూదికి స్పిరిటు అద్ది గంధమూ కుంకుమా తుడిచి, ఇరుసు దగ్గర కుట్టుమిషను నూనె ఒక చుక్క వేశాను. వేలితో తోస్తే ఫ్యాను గిర్రున తిరిగింది. మళ్ళీ బిగించి ఆట పెడితే, నాకు విసుగొచ్చి ఆపేదాకా దానికి విసుగు రాలేదు.

అసలు పరీక్ష అప్పుడు మొదలయింది. సాయంత్రం మరిది వచ్చి, ఏమయింది వదినా అని అడిగాడు. నాలుక చివరిదాకా వచ్చింది మాట. అది చెబితే నేను మోసపోలేదని ఒక్క క్షణంలో తేలిపోతుంది. కానీ అవతల అత్తగారు బియ్యంలో రాళ్ళు ఏరుతూ కూర్చుని ఉంది. తను పెట్టిన బొట్టు మేలు చేస్తుందని ఇన్నేళ్ళూ నమ్మిన మనిషితో, కన్నకొడుకు ఎదుట, నీ బొట్టే కీడు చేసిందని ఎలా చెప్పడం? దుమ్ము పట్టింది, తుడిచాను అన్నాను. దుమ్ము తుడిస్తే బాగయ్యేదైతే మొన్ననే దులిపావు గదా, ఇది మళ్ళీ ఆగుతుంది చూడు అని వాడు నవ్వుకుంటూ పోయాడు. నేను పోయి అత్తగారి పక్కన కూర్చుని రాళ్ళు ఏరాను.

ఆదివారం మా ఆయన బస్సు దిగి చిత్తూరు పిల్లలు గోలగోలగా వచ్చారు. హాస్టలు పిల్లలు అంతకుముందే వచ్చి కూర్చున్నారు. గది చాలక కిటికీ ఊచలు పట్టుకుని బయటి నుంచి చూసేవాళ్ళు చూస్తున్నారు. ఒకరి తర్వాత ఒకరు ఆడుతూనే ఉన్నారు, నేను ప్రతి ఆటకూ ఊపిరి బిగబట్టుకుని తెర మీద గీతల కోసం చూస్తూనే ఉన్నాను. ఒక్క గీత రాలేదు. మద్రాసు కార్డు మధ్యాహ్నమంతా ఎక్కడా తడబడకుండా ఆడింది, చివరికి చిత్తూరు పిల్లలు వెంట్రుకవాసిలో గెలిచి, ఓడినవాళ్ళ చేత అందరికీ సోడాలు తాగించారు.

ఆ హడావుడిలోనే మరిది తన ట్రావెల్స్ స్నేహితుణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. అరుగు నిండా చెప్పులూ కిటికీల నిండా పిల్లలూ చూసి ఆ స్నేహితుడు కాస్త జంకాడు. ఇదంతా ఈ ఒక్క రోజు సంబరమే, పాత కార్డు, రేపో ఎల్లుండో మళ్ళీ పడుకుంటుంది, దీపావళికి గది నీదే అని మరిది అతనికి ధైర్యం చెబుతున్నాడు. పిల్లలకు మంచినీళ్ళ బిందె తెస్తున్న మా అత్తగారు గుమ్మంలో ఆగిపోయింది. బిందె కింద పెట్టి, కొంగుతో చెయ్యి తుడుచుకుని, ఆ పిల్లలందరూ వింటుండగా గొంతెత్తింది.

“కార్డు మంచిదే రా. దాని మూతికి గంధం పూసింది నేనే. అక్షింత గింజ పోయి దాంట్లో ఇరుక్కుంటే అది యాడ తిరగతాది? పొద్దున కసువు ఊడస్తా ఆ దూదీ ఆ గింజా ఆడే పెట్టిన అద్దమూ సూసినాను, అప్పుడు తెలిసినాది నాకు. మీ వదిన అద్దం పెట్టి సూసి కనిపెట్టినాది. నీ ముందర నా పేరు గూడా ఎత్తలేదు సూడు! ఈ గది ఎవురికీ ఇచ్చేది లేదు. ఆ యమ్మి పని సేసుకునే సోటు ఇది. మీరు పొయ్యి ఇంకో గది సూసుకోండప్పా.”

పిల్లలంతా ఒక్కసారిగా ఈలలు వేశారు. మరిది తల గోక్కుంటూ నా వైపు చూసి, దుమ్మంటివే వదినా అని గొణిగాడు, వాడి ముఖంలోనూ నవ్వే. అరుగు మీది నుంచి మామగారు, జీవితంలో మొదటిసారి పెళ్ళాం తప్పు ఒప్పుకోవడం విన్నానురా అని అందరికీ వినబడేట్టు అన్నారు. నేను మాత్రం వంటింట్లోకి పోయి, నీళ్ళ కుండ దగ్గర నిలబడి కళ్ళు తుడుచుకున్నాను. అంత గర్వం అంతకుముందు గానీ ఆ తర్వాత గానీ నేనెప్పుడూ పడలేదు, మా అబ్బాయి పుట్టినప్పుడు కూడా పడలేదని చెబితే వాడు అలుగుతాడేమో గానీ, నిజం అదే. కనిపెట్టినందుకు కాదు ఆ గర్వం. ఎవరి ముందు నిలబడాలనుకున్నానో ఆవిడే నా పక్కన నిలబడినందుకు.

ఆ దీపావళి దాటింది, ఇంకా ఎన్నో దీపావళులు దాటాయి. ఎవరైనా కంప్యూటరు చంకన పెట్టుకుని వస్తే అత్తగారు గుమ్మంలోనే ఆపి, మా కోడలు సూస్తాది, ఏమయిందో సక్రంగా సెప్పు, అప్పుడే విప్పొద్దులే అని మాస్టారి పాఠం వాళ్ళకు తనే చెప్పేది. మరుసటి ఏడాది ఆయుధపూజకు కంప్యూటరు పెట్టెను మళ్ళీ పీట మీద పడుకోబెట్టాను. అత్తగారు గంధం గిన్నె పట్టుకుని దాని ముందు కూర్చుంది, కానీ చెయ్యి ముందుకు రాలేదు. ఆ ఇంట్లో బొట్టు ఎక్కడ పెట్టాలో ఏనాడూ ఎవరినీ అడిగి ఎరగని మనిషి తల తిప్పి నా వైపు చూసింది.

“ఈడ తిరిగేవి శానా ఉండాయి. నాకు తెలీదు. యాడ పెట్టాలో నువ్వే సూపించమ్మా,” అంది.

నేను ఆవిడ వేలు పట్టుకుని పెట్టె పైరేకు మీద ఆనించాను. ఆవిడ అక్కడ ఒక్క బొట్టు, కొలిచినట్టు చిన్నగా, పెట్టి, అక్షింతలు పటం మీద మాత్రమే వేసింది.

ఇంటింటికీ కంప్యూటర్లు వచ్చి, ఆ తర్వాత చేతిచేతికీ ఫోన్లు వచ్చి, పిల్లలు రావడం మానేశాక ఆ సెంటరు మూతపడింది, ఆ గదిలో ఇప్పుడు మా సోఫా ఉంది. అత్తగారు పోయి చాలా ఏళ్ళయింది. మూతపడినందుకు నాకు బెంగ లేదు, ఏ వ్యాపారమైనా దాని కాలం అయ్యాక పోవలసిందే. ఇప్పుడు ఎవరి యంత్రం వాళ్ళ గదిలో ఉంటుంది, దానికి ఏమయిందో పక్క గదిలో వాళ్ళకు తెలియదు, బాగులేకపోతే అట్టపెట్టెలో పడుకుని మనకు తెలియని ఊరికి పోతుంది. ఆ రోజుల్లో అలా కాదు, ఒక కార్డు ఆగిపోతే ఇల్లంతా ఆగేది. బొట్టు పెట్టిన చెయ్యీ, రేకు బిగించిన చెయ్యీ, విప్పి చూసిన చెయ్యీ అన్నీ ఆ ఇంట్లోవే, అందుకే తప్పు మీదా మెప్పు మీదా అందరికీ హక్కు ఉండేది. ఇవాళ నేను ఎంత చిక్కు విప్పినా, మా కోడలు సూస్తాది అని వీధిలోకి వినబడేట్టు చెప్పే గొంతు ఈ ఇంట్లో లేదు.